లెక్క అడిగితే దొంగ అన్నట్టేనా?

పోస్టు పెద్దది. ఓపిక ఉన్నవాళ్ళు మొత్తం చదవండి. లేనివాళ్ళు కనీసం చివర్లో రాసిన నాలుగు పనులైనా చూడండి.

పోయిన నవంబరులో ఒక మంగళవారం రాత్రి మా హెచ్‌ఓఏ బడ్జెట్ మీటింగ్ జరిగింది, జూమ్‌లో. మాది వెస్ట్ క్యారీలో 212 ఇళ్ళ కమ్యూనిటీ. అందులో మన తెలుగువాళ్ళవే తక్కువలో తక్కువ అరవై ఇళ్ళు ఉంటాయి. మీటింగ్‌కి వచ్చింది 11 మంది. ఐదుగురు బోర్డు మెంబర్లు, ఒకామె మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి. అంటే మామూలు ఓనర్లుగా వచ్చి కూర్చున్నది ఐదుగురం. నలుగురు రిటైరైన తెల్లవాళ్ళు, ఐదోవాణ్ణి నేను. 22 నిమిషాల్లో అంతా అయిపోయింది. నెలకి 148 డాలర్లు ఉన్న డ్యూస్ 171 అయ్యాయి.

తెల్లారి లేచి చూస్తే మన తెలుగు ఫ్యామిలీస్ వాట్సాప్ గ్రూపులో 94 మెసేజీలు. "దోచుకు తింటున్నారు." "ఎవడి జేబులోకి పోతున్నాయో." "అడిగేవాడు లేడు కాబట్టే ఇలా." ఇవన్నీ రాసినవాళ్ళలో ఒక్కరు కూడా ముందురోజు మీటింగ్‌లో లేరు. నేను ఒక్క మెసేజీ పెట్టా: "లెక్కల పుస్తకాలు చూపించమని రాతపూర్వకంగా అడుగుదాం. ఎవరెవరు సంతకం పెడతారు?"

గ్రూపు చల్లబడిపోయింది. మూడు నిమిషాల తర్వాత ఎవరో గుడ్ మార్నింగ్ అని వినాయకుడి ఫోటో పెట్టారు. అంతే.

అప్పుడు అర్థమైంది నాకు. దొంగ అనడానికి మనకి నోరుంది. లెక్క చూపించమనడానికి నోరు లేదు. ఈ పోస్టు దాని గురించే.

ఊళ్ళో ఉన్నవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి హెచ్‌ఓఏ అంటే ఏంటో చెప్తా. ఇక్కడ కొత్తగా కట్టిన కాలనీల్లో ఇల్లు కొంటే ఓనర్ల సంఘంలో మెంబర్ అయిపోయినట్టే, ఇష్టం ఉన్నా లేకపోయినా. స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్, గడ్డి కోయడం, పిల్లల ప్లేగ్రౌండ్, దీపావళికి క్రిస్మస్‌కి పెట్టే ప్రోగ్రాములు, అన్నీ ఆ డబ్బుతోనే. కట్టకపోతే ఊరుకోరు. నార్త్ కరోలినా చట్టం ప్రకారం బకాయి పడితే ఇంటి మీద లీన్ వేయొచ్చు, 90 రోజులు దాటితే ఇల్లు వేలానికి కూడా పెట్టొచ్చు. అంటే ఇది క్లబ్బు చందా లాంటిది కాదు, మన కప్పు మీద ఉన్న హక్కు.

ఇప్పుడు కూడండి. 212 ఇళ్ళు, నెలకి 171, పన్నెండు నెలలు. ఏడాదికి 4,35,024 డాలర్లు. మన రూపాయల్లో మూడున్నర కోట్ల పైమాట. మా ఊరి పంచాయతీ ఒక ఏడాదిలో కళ్ళతో చూడని డబ్బు. దాని మీద 22 నిమిషాల మీటింగ్.

ఇంకో సంగతి. మనలో చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. నార్త్ కరోలినాలో 1999 నుంచి అమల్లో ఉన్న ప్లాన్డ్ కమ్యూనిటీ యాక్ట్ అని ఒకటుంది. దాని ప్రకారం బోర్డు తయారు చేసిన బడ్జెట్ సారాంశాన్ని ఓనర్లందరికీ పంపాలి, మీటింగ్ పెట్టాలి. ఆ మీటింగ్‌లో మొత్తం ఓనర్లలో సగానికి పైగా "వద్దు" అంటేనే బడ్జెట్ ఆగుతుంది. వచ్చినవాళ్ళలో సగం కాదు, మొత్తంలో సగం. మా కాలనీ లెక్కలో 107 ఇళ్ళు. పైగా ఆ మీటింగ్‌కి కోరం అక్కర్లేదు. ఒక్క ఓనర్ కూడా రాకపోయినా బడ్జెట్ పాసే.

మౌనం అర్ధాంగీకారం అని మనం సామెతగా చెప్పుకుంటాం. ఇక్కడ అర్ధం కూడా కాదు, పూర్తి అంగీకారం. చట్టంలోనే రాసి పెట్టారు. మనం ఇంట్లో కూర్చుని నెట్‌ఫ్లిక్స్ చూసిన ఆ 22 నిమిషాలు, 200 ఇళ్ళు చేతులెత్తి "సరే" అన్నట్టు లెక్క.

ఇక మనవాళ్ళు చెప్పే కారణాలు. గ్రూపులో సైలెంట్‌గా ఉన్నవాళ్ళలో కొంతమంది తర్వాత విడిగా ఫోన్ చేసి చెప్పారు. ఒక్కోటి చూద్దాం.

మొదటిది: "బ్రో, మనం హెచ్‌1బి మీద ఉన్నాం. ఓటు లేదు. మనకెందుకు?"

ఓటు లేకపోవడం కౌన్సిల్ ఎన్నికల్లో. హెచ్‌ఓఏలో ఓటు పాస్‌పోర్టుకి ఇవ్వలేదు, ఇంటికి ఇచ్చారు. డీడ్ మీద పేరుంటే ఓటుంది. ఇక టౌన్ సంగతికొస్తే, ప్రాపర్టీ టాక్స్ కడుతున్నప్పుడు వీసా అడిగారా? అద్దెకున్నవాళ్ళ దగ్గరా అది అద్దెలో కలిపి వసూలవుతూనే ఉంది. ఈ రాష్ట్రం పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ కాగితాలు ప్రజల ఆస్తి. ఎవరైనా అడగొచ్చు. ఎందుకు అడుగుతున్నావని వాళ్ళు మనల్ని అడగకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. సిటిజన్ కావాలని ఎక్కడా లేదు. మనం భయపడుతున్నది చట్టంలో లేని షరతుకి.

రెండోది: "నెలకి 23 డాలర్లు పెరిగితే ఏమైంది? రెండు దోసెలు."

సరే, రెండు దోసెలే. మరి గ్రూపులో 94 మెసేజీలు దేనికి? దోసెల కోసం అంత గొడవ ఎవరూ పడరే. కడుపులో మంట డబ్బు గురించి కాదు, మనల్ని అడగకుండా తీసుకున్నారని. అదే మాట వాళ్ళ ముందు అనమంటే దోసెల లెక్క వస్తుంది.

మూడోది, అసలైనది: "ట్రెజరర్ మనోడే కదా. అడిగితే బావుండదు."

ఇక్కడ ఆగి మాట్లాడుకోవాలి. మా హెచ్‌ఓఏ ట్రెజరర్ తెలుగాయనే. కృష్ణా జిల్లా. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో కారు లేకపోతే నాలుగు శనివారాలు గ్రోసరీకి తీసుకెళ్ళింది ఆయనే. మా పాప పుట్టినప్పుడు వాళ్ళావిడ పదిరోజులు చారు, అన్నం పంపింది. అన్నా అనే పిలుస్తా. అలాంటి మనిషికి "లెక్కల పుస్తకం చూపించండి" అని మెయిల్ కొట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. మూడుసార్లు రాసి డిలీట్ చేశా. చివరికి ముందు ఫోన్ చేశా.

"ఏంటి తమ్ముడూ, నా మీద డౌటా?" అన్నాడు.

ఏం చెప్పాలో తెలియక "అది కాదన్నా" అని నసిగి పెట్టేశా.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇండియాకి ఫోన్ చేశా, అమ్మకి. మాది అనంతపురం జిల్లాలో చిన్న ఊరు. ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అమ్మ ఆ ఎండల్లో చెరువు మట్టి తవ్వింది. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో హాస్టల్ డబ్బుల్లో ఆ మట్టి డబ్బు కూడా ఉంది.

ఆ చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుండేది, సామాజిక తనిఖీ. ఊళ్ళో జరిగిన పనిని ఊరివాళ్ళే తనిఖీ చేయాలి. మన ఆంధ్రలో దాన్ని కాగితం మీద వదిలేయలేదు. రాజస్థాన్‌లో కూలీలు, రైతులు 1990లలో మొదలుపెట్టిన బహిరంగ విచారణల దగ్గర నేర్చుకుని 2006లోనే మొదలుపెట్టారు. 2009కల్లా దానికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్ళలోని చదువుకున్న పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి, చేతికి మస్టర్లు ఇచ్చి, ఇల్లిల్లూ తిప్పేవాళ్ళు. "నీ పేరు మీద 12 రోజులు రాసినారు, నువ్వు ఎన్నాళ్ళు పోయినావు? డబ్బు ఎంత వచ్చింది?" అని అడిగి రాసుకునేవాళ్ళు. టేపు పట్టుకుని గుంతలు కొలిచేవాళ్ళు. తర్వాత మండలంలో ప్రజావేదిక. షామియానా కింద ఒకవైపు అధికారులు, ఒకవైపు కూలీలు, మధ్యలో మైకు.

ఒక ఏడాది మా వీధిలో చనిపోయిన తాత పేరు మస్టర్లో కనిపించింది. ఆ మైకు పట్టుకుని ఆ మాట చెప్పింది మా అమ్మ. పేరు రాసింది ఎవరో కాదు, మాకు వరసకి మామ అయ్యే మనిషే. ఆయన ఇంట్లో పెళ్ళికి మేము, మా ఇంట్లో చావుకి ఆయన. అయినా చెప్పింది.

ఆ రాత్రి అదే అడిగా. "మామ మీద చెప్పేదానికి నీకు మొహమాటం అనిపించలేదా మా?"

అమ్మ నవ్వింది. "మామ మీద యాడ చెప్తి నాయనా? మస్టర్ మీద చెప్తి. లెక్క అడిగితే దొంగ అన్నట్టా? దొంగ అని తెలిసినోణ్ణి యెవురైనా లెక్క అడుగుతారా, పోలీసుల్ని పిలుస్తారు గానీ. నమ్మినోణ్ణే లెక్క అడగల్ల."

మా అమ్మ వేలిముద్ర మనిషి. నాకు మాస్టర్స్ డిగ్రీ ఉంది. పగలంతా ఒక బ్యాంకు కోసం వేరేవాళ్ళ లావాదేవీల్లో ఒక్క సెంటు తేడా వచ్చినా అలర్ట్ వచ్చేలా కోడ్ రాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి నా సొంత కాలనీ 4,35,000 డాలర్ల పీడీఎఫ్ తెరవకుండానే ఆర్కైవ్ చేస్తా. ఎవరు చదువుకున్నవాళ్ళో మీరే చెప్పండి.

మర్నాడు మెయిల్ పంపా. అన్నకి విడిగా కాదు, బోర్డుకి, మేనేజ్‌మెంట్ కంపెనీకి కలిపి. చట్టంలో ఉన్నది ఉన్నట్టు: సంఘం ఆర్థిక రికార్డులు ఏ ఓనర్ అడిగినా చూపించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 75 రోజుల్లోపు ఆదాయ వ్యయాల పట్టిక, బ్యాలెన్స్ షీటు ఓనర్లకి ఉచితంగా అందుబాటులో పెట్టాలి. గతేడాది లెడ్జర్, "కమ్యూనిటీ ప్రోగ్రామ్స్" కింద ఉన్న బిల్లులు చూస్తానన్నా. ఎందుకంటే ఆ ఒక్క పద్దు 9,000 నుంచి 18,500 అయింది, ఎందుకో ఆ రాత్రి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ముగ్గురం వెళ్ళాం. నేను, గుంటూరు చెల్లెమ్మ ఒకామె, మీటింగ్‌కి వచ్చిన ఒక తెల్ల పెద్దాయన. ఆయన జీవితమంతా స్కూలు టీచరు. రెండు శనివారాలు కూర్చున్నాం.

ఏం దొరికింది? ఆశపడినవాళ్ళకి నిరాశే. దొంగతనం దొరకలేదు. ఎవరి జేబులోకీ ఏమీ పోలేదు. దొరికినవి ఇవి: వానకి రద్దయిన ఒక పిల్లల పండగకి ముందే కట్టిన 2,150 డాలర్ల అడ్వాన్సు, ఎవరూ వెనక్కి అడగలేదు. స్ప్రింక్లర్ రిపేరు బిల్లు ఒకటి అదే నంబరుతో రెండుసార్లు కట్టేశారు. పూల్ మూసేసిన తర్వాత కూడా మూడు వారాలు పూల్ దగ్గర మనిషికి జీతం పోయింది, ఎందుకంటే కాంట్రాక్టు దానంతట అదే రెన్యూ అయ్యేలా ఉంది. ఈ మూడూ ఒక్క సాయంత్రం ఇంకో జత కళ్ళు చూసి ఉంటే దొరికేవి.

ఇంకొకటి కూడా దొరికింది. ప్రతి చెక్కు మీదా అన్న సంతకం, ఆన్‌లైన్ అప్రూవల్ టైములు రాత్రి పన్నెండు, ఒంటిగంట. ఆయన ఉద్యోగంలో ఆన్‌కాల్ ముగించుకుని, జీతం లేని ఈ పని నాలుగేళ్ళుగా ఒక్కడే చేస్తున్నాడు. 211 ఇళ్ళ బరువు ఒక్కడి మీద వేసి, దానికి మనం నమ్మకం అని పేరు పెట్టుకున్నాం. అది నమ్మకం కాదండీ, బద్ధకం. వాట్సాప్‌లో "ఎవడి జేబులోకో" అని రాసి ఆయన్ని అవమానించింది మీరు. పుస్తకం తెరిచి ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయని రుజువు చేసింది ఆ మెయిల్.

ఇదేదో ఒక్క కాలనీ కథ అనుకోకండి. ఇదే క్యారీ టౌన్ సంగతి చూడండి. మూడు రేటింగ్ ఏజెన్సీల దగ్గరా ట్రిపుల్ ఏ ఉన్న ఊరు. 2023 నవంబరులో ఏడెకరాల డౌన్‌టౌన్ పార్కు తెరిచారు, ఖర్చు దాదాపు 7 కోట్ల డాలర్లు. వీకెండ్ వస్తే మనమంతా అక్కడే. ఆ మరుసటి ఏడాది నవంబరులో పార్కుల కోసం 56 కోట్ల డాలర్ల బాండు పెడితే ఓటర్లు వద్దన్నారు. ఇక సరిగ్గా మా జూమ్ మీటింగ్ జరిగిన నెలలోనే, 2025 నవంబరులో, టౌన్ మేనేజర్‌ని సెలవు మీద పంపారు. డిసెంబరులో ఆయన రాజీనామా చేశారు. ఊరి డబ్బు ఖర్చు పెట్టిన తీరు మీద ప్రశ్నలు లేచాయి. తప్పెంత, ఒప్పెంత అని తేల్చడం నా పని కాదు. నాకు కనిపించింది వేరే. ఆ వార్త వచ్చిన రోజు మన గ్రూపులన్నీ "అయ్యో, క్యారీలో కూడానా!" అని ఆశ్చర్యపోయాయి. క్యారీకేమన్నా కొమ్ములున్నాయా? మనుషులే కదా నడిపేది. మంచి ఊరు అని పేరొచ్చాక ఎవరూ బడ్జెట్ తిప్పి చూడరు. మంచిపేరుకున్న ప్రమాదమే అది.

మన సంఘాల మాటేంటి? 2024 చివర్లో తానా ఫౌండేషన్ నిధులు 30 లక్షల డాలర్లకి పైగా దారి మళ్ళాయన్న సంగతి బయటపడి, ఆ బోర్డే సభ్యులకి చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికాలో తెలుగువాళ్ళ అతిపెద్ద సంఘాల్లో ఒకటి. వేదికల మీద శాలువాలు కప్పిన ఆ ఏళ్ళలో బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమని ఎంతమంది సభ్యులు అడిగి ఉంటారు? ఇక్కడ పన్ను మినహాయింపు ఉన్న ప్రతి సంఘమూ ఏటా ఐఆర్‌ఎస్‌కి ఫారం 990 దాఖలు చేయాలి, ఎవరు అడిగినా చూపించాలి. గుడులు, చర్చిలకి మాత్రం మినహాయింపు ఉంది. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే చిన్న సంఘాలు పోస్టుకార్డంత ఫారం పంపితే చాలు. సంక్రాంతి టికెట్టు కొనేముందు ఎవరు ఏ పాట పాడుతున్నారని చూస్తాం కదా, ఆ ఫారం కూడా ఒకసారి చూడండి. ఐదు నిమిషాల పని.

ఇంకో మాట, నావైపు ఉన్నవాళ్ళకి కూడా. లెక్క అడగడం వేరు, అల్లరి చేయడం వేరు. స్క్రీన్‌షాట్ తీసి ఎర్రగీత పెట్టి "స్కామ్" అని ఫార్వర్డ్ చేయడం తనిఖీ కాదు. మా అమ్మవాళ్ళ ప్రజావేదికలో రూలేంటంటే ఆరోపణ చేసినవాడు అక్కడే నిలబడి పేరు చెప్పాలి, అవతలివాడు అక్కడే జవాబు చెప్పాలి. కాగితం మధ్యలో ఉండాలి. పేరు చెప్పే ధైర్యం లేనివాడికి అడిగే అర్హత లేదు. బోర్డులో ఉన్నవాళ్ళు కూడా మన పక్కింటివాళ్ళే, వాళ్ళ పిల్లలూ మన పిల్లలూ ఒకే స్కూలు బస్సు ఎక్కుతారు. మర్యాదగా అడగాలి. కానీ మర్యాద అంటే అడగకపోవడం కాదు.

ఇక పనులు. నాలుగే.

1. మీ హెచ్‌ఓఏ గతేడాది ఆదాయ వ్యయాల పట్టిక అడగండి. ఆర్థిక సంవత్సరం డిసెంబరుతో ముగిసి ఉంటే మార్చి మధ్యకల్లా ఇవ్వాలి. అంటే ఇప్పుడే.

2. బడ్జెట్ మీటింగ్ నోటీసు వస్తే క్యాలెండర్లో పెట్టుకోండి. పిల్లల కుమాన్ క్లాసు ఎలా పెట్టుకుంటారో అలా. వార్షిక మీటింగ్‌కి వచ్చి ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది కోరితే సంఘం లెక్కలకి ఆడిట్ చేయించాల్సిందే. ఇక్కడ వచ్చినవాళ్ళలో సగం దాటితే చాలు. 20 మంది వస్తే 11 మంది.

3. టౌన్ బడ్జెట్ ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఆమోదించే ముందు పబ్లిక్ హియరింగ్ పెట్టడం తప్పనిసరి. ఎండాకాలం సెలవులకి ఇండియా టికెట్లు బుక్ చేసేముందు ఆ తేదీ చూసుకుని ఒక సాయంత్రం వెళ్ళి కూర్చోండి. మాట్లాడకపోయినా పర్లేదు, కూర్చోండి. ఖాళీ కుర్చీల ముందు చదివే బడ్జెట్ వేరు, నిండిన కుర్చీల ముందు చదివే బడ్జెట్ వేరు.

4. అడిగి ఊరుకోకండి. బోర్డులో ఒక కుర్చీ ఖాళీ అయితే నిలబడండి. కనీసం ట్రెజరర్ పక్కన కూర్చుని నెలకోసారి బిల్లులు చూసే ఇద్దరు మనుషులవ్వండి.

మా కాలనీలో ఇప్పుడు అది మొదలైంది. నెలలో మూడో శనివారం ముగ్గురం కూర్చుంటున్నాం. 2,150 వెనక్కి వచ్చింది. రెండుసార్లు కట్టిన బిల్లు సర్దుబాటు చేశారు. పూల్ కాంట్రాక్టులో ఆ లైను కొట్టేయించాం. డ్యూస్ తగ్గలేదు, 171 అలాగే ఉంది. కానీ ఎందుకు 171 అని ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పగలను.

అన్న ఇంకా నాతో మునుపటిలా మాట్లాడట్లేదు. శనివారాలు బిల్లులు ముందు పెడతాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు, టీ ఇస్తాడు. "తమ్ముడూ" అనడం మాత్రం మానేశాడు. సంక్రాంతికి వాళ్ళింట్లో భోజనానికి ఈసారి మమ్మల్ని పిలవలేదు. బాధగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. దీన్ని మీలో 30 మంది ముందే అడిగి ఉంటే, ఆ ప్రశ్న ఒక్క తమ్ముడి నోట్లోంచి వచ్చి ఆయనకి అంత గుచ్చుకునేది కాదు. అందరూ అడిగితే అది పద్ధతి. ఒక్కడు అడిగితే అది గొడవ. నన్ను గొడవమనిషిని చేసింది మీ మౌనమే.

అన్నా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. డౌటు నీ మీద ఎప్పుడూ లేదు. నమ్మినవాణ్ణే లెక్క అడగాలంట, మా అమ్మ చెప్పింది.

వచ్చే మీటింగ్ ఏప్రిల్లో. ఎంతమంది వస్తారో చూస్తా.